నకిలీ సందర్శకులు, నిజమైన లెక్క

సంఖ్య కూడా ఒక సాక్షియే

ఒక పత్రికను, ఒక గ్రంథాలయాన్ని, ఒక విద్యాసంస్థ వెలువరించే వ్యాసాలను ఎంతమంది చదువుతున్నారన్న ప్రశ్న కేవలం గొప్పలు చెప్పుకోవటానికి సంబంధించినది కాదు. ప్రకటనకర్త ఆ సంఖ్యను చూసే డబ్బు చెల్లిస్తాడు. దాతలు ఆ సంఖ్యను చూసే సంస్థకు చేయూతనిస్తారు. ఏ విషయానికి ఎన్ని పుటలు కేటాయించాలో సంపాదకుడు ఆ సంఖ్యను బట్టే నిర్ణయించుకుంటాడు. ఈ విధంగా సంఖ్య ఒక సాక్షి స్థానంలో నిలుస్తుంది. సాక్షి అబద్ధమాడితే తీర్పు తప్పుతుంది. తీర్పు తప్పినప్పుడు నష్టపోయేది సాధారణంగా ఏ పాపమూ ఎరుగనివాడే.

అచ్చు పత్రికల విషయంలో ఈ ప్రమాదాన్ని ఏనాడో గుర్తించారు. అచ్చు వేసిన ప్రతులు వేరు, అమ్ముడైన ప్రతులు వేరు. మొదటి సంఖ్యను చూపించి రెండవదాని ధర రాబట్టే అవకాశం ఉన్నందువల్లనే, మన దేశంలో 1948లో ఆడిట్ బ్యూరో ఆఫ్ సర్క్యులేషన్స్ అనే సంస్థ ఏర్పడింది. ప్రచురణకర్తలు, ప్రకటనకర్తలు, ప్రకటన ఏజెన్సీలు సభ్యులుగా ఉన్న ఈ సంస్థ ఆరు నెలలకొకసారి పత్రికల లెక్కలను తనిఖీ చేయించి ధ్రువీకరిస్తుంది. ఎవరి గొప్ప వారే చెప్పుకుంటే చాలదని, మూడవ వ్యక్తి పరిశీలించాలని అందరూ అంగీకరించటమే దీనికి పునాది.

నేడు పత్రికలు, గ్రంథాలయాలు, పరిశోధనా సంస్థలు ఇంటర్నెట్ ద్వారా కూడా పాఠకులను చేరుకుంటున్నాయి. అక్కడ సందర్శకుల లెక్కను యంత్రమే వేస్తుంది. యంత్రం పక్షపాతం చూపదు కదా అని చాలామంది ఆ లెక్కను కళ్లు మూసుకుని నమ్ముతారు. కాని వచ్చినవారిలో మనుషులెందరు, మనుషుల వేషం వేసుకున్న యంత్రాలెన్ని అన్నది ఆ లెక్క తనంతట తాను చెప్పదు. ఇంపెర్వా అనే భద్రతా సంస్థ 2025లో ప్రచురించిన నివేదిక ప్రకారం, 2024లో ఇంటర్నెట్ రాకపోకల్లో 51 శాతం యంత్రాలవే. మొత్తంలో 37 శాతం హాని తలపెట్టే యంత్రాలవని ఆ నివేదిక పేర్కొన్నది. ఈ సంస్థ రక్షణ సాధనాలను అమ్ముకునేది గనుక, తన పరిధిలోని రాకపోకలనే కొలిచింది గనుక, ఈ సంఖ్యను కూడా తూచే స్వీకరించాలి. అయినప్పటికీ సమస్య చిన్నది కాదని మాత్రం దీన్ని బట్టి స్పష్టమవుతున్నది.

సందర్శన ఎలా లెక్కకెక్కుతుంది?

మోసాన్ని అర్థం చేసుకోవాలంటే ముందు లెక్క ఎలా జరుగుతుందో తెలుసుకోవాలి. ఇంటర్నెట్‌లో ఉంచిన ఒక వ్యాసాన్ని ఎవరైనా తన ఫోనులో తెరిచినప్పుడు, ఆ ఫోను దూరాన ఉన్న సర్వర్ అనే కంప్యూటరుకు ఒక అభ్యర్థన పంపుతుంది. సర్వర్ కోరిన పుటను పంపించి, ఆ సంగతిని తన చిట్టాలో ఒక పంక్తిగా వ్రాసుకుంటుంది. ఆ పంక్తిలో సాధారణంగా అయిదు వివరాలుంటాయి. అభ్యర్థన వచ్చిన ఐపీ అడ్రసు మొదటిది. వచ్చిన సమయం రెండవది. కోరిన పుట మూడవది. వచ్చినవాడు తన గురించి చెప్పుకున్న పేరు, అంటే ఫలానా బ్రౌజరు, ఫలానా రకం ఫోను అన్నది నాల్గవది. ఏ చోటు నుంచి వచ్చానని చెప్పుకున్నాడో ఆ చోటు అయిదవది.

వీటిలో మొదటి మూడు సర్వర్ తాను స్వయంగా చూసినవి. చివరి రెండు మాత్రం వచ్చినవాడు చెప్పిన మాటలు. అభ్యర్థన పంపే ప్రోగ్రామును తయారుచేసినవాడు ఆ చోట ఏ పేరైనా వ్రాయవచ్చు. తాను గూగుల్ వారి యంత్రాన్నని చెప్పుకోవచ్చు. హైదరాబాదులో ఒక విద్యార్థి చేతిలోని ఫోనునని చెప్పుకోవచ్చు. అడ్డుకునేవారెవరూ లేరు. స్వయంగా చూసినదానికీ, చెప్పగా విన్నదానికీ మధ్య ఉన్న ఈ తేడాను మనసులో నిలుపుకుంటే తక్కిన విషయమంతా సులభంగా బోధపడుతుంది.

మరో లెక్కింపు విధానం కూడా ఉన్నది. పుటలో ఒక చిన్న ప్రోగ్రామును అమర్చుతారు. పుట తెరుచుకోగానే అది సందర్శకుని బ్రౌజరులో నడిచి, లెక్కలు చూసే సంస్థకు కబురు పంపుతుంది. సాదా రకం యంత్రాలు ఈ ప్రోగ్రామును నడపవు గనుక చాలావరకు లెక్కలోకి రావు. అందువల్లనే సర్వర్ చిట్టా చూపే సంఖ్య ఒకటి, ఈ ప్రోగ్రాము చూపే సంఖ్య మరొకటి అవుతుంటాయి. అయితే ఇదీ అభేద్యమైనదేమీ కాదు. 2023లో నిలిచిపోయిన గూగుల్ అనలిటిక్స్ పాత విధానంలో, అసలు పుటను తెరవకుండానే లెక్కల సంస్థకు నేరుగా అబద్ధపు కబుర్లు పంపే మోసం విస్తృతంగా సాగింది. గడప తొక్కనివాడు కూడా అతిథుల జాబితాలోకి ఎక్కేవాడన్నమాట.

యంత్రాలన్నీ దొంగలు కావు

మనిషి ప్రమేయం లేకుండా తనంతట తాను పుటలను కోరే ప్రోగ్రామును బాట్ అంటారు. రోబోట్ అన్న మాటకు ఇది కుదింపు. ఈ పేరు వినగానే శత్రువని భావించనవసరం లేదు. గూగుల్, బింగ్ వంటి శోధన సంస్థల బాట్లు వచ్చి చదివి వెళ్లినందువల్లనే మన వ్యాసాలు వెతికేవారికి దొరుకుతున్నాయి. 1996లో స్థాపించబడిన ఇంటర్నెట్ ఆర్కైవ్ బాట్లు పుటల ప్రతులను సేకరించి భద్రపరచబట్టే, మూతపడిన అనేక సంస్థల రచనలు నేటికీ లభిస్తున్నాయి. ఇటువంటి బాట్లను వెళ్లగొట్టినవాడు తన రచనలను తానే మరుగుపరచుకున్నవాడవుతాడు.

సద్బుద్ధి గల బాట్లకు, సైట్ల యజమానులకు మధ్య ఒక మర్యాద ఏర్పడి ఉన్నది. 1994లో మార్టిన్ కోస్టర్ అనే ఇంజనీరు దీన్ని ప్రతిపాదించాడు. రోబోట్స్.టెక్స్ట్ అనే చిన్న పత్రంలో, ఏ భాగాల్లోకి బాట్లు రావచ్చునో, వేటిలోకి రాకూడదో యజమాని వ్రాసి ఉంచుతాడు. మర్యాద తెలిసిన బాట్ ముందుగా దాన్ని చదివి, దాని ప్రకారం నడుచుకుంటుంది. 2022లో దీన్ని ఇంటర్నెట్ ప్రమాణాలలో ఒకటిగా అధికారికంగా ప్రచురించారు. కాని ఇది గేటుకు తగిలించిన నోటీసు బోర్డు మాత్రమే, తాళం కాదు. దొంగ నోటీసులు చదివి వెనుదిరగడు. దానికి లోబడాలనే సంకల్పం లేనివాణ్ణి అది ఏమీ చేయలేదు.

మోసం వెనుక ఉన్న ఉద్దేశాలు

నకిలీ సందర్శనల వెనుక ఒకే ఉద్దేశం ఉండదు. ముఖ్యమైనవాటిని ఇలా వర్గీకరించవచ్చు.

మొదటిది, ప్రకటనల సొమ్ము. ప్రకటన ఎన్నిసార్లు కనబడితే, ఎన్నిసార్లు దాన్ని నొక్కితే అంత సొమ్ము ముట్టే చోట, చూసే మనిషి లేకుండానే చూసినట్లు చూపించటం లాభసాటి వ్యాపారమైపోతుంది.

రెండవది, పగ. గిట్టనివాడు ఒకడు ఇతరుల సైటులోని ప్రకటనలను యంత్రాల చేత పదే పదే నొక్కించవచ్చు. ప్రకటనల సంస్థ దాన్ని యజమాని చేసిన మోసంగానే భావించి, అతని ఖాతాను మూసివేసే ప్రమాదం ఉన్నది. ఇక్కడ శిక్ష పడేది నిరపరాధికి.

మూడవది, ఎర. చిట్టాలోని అయిదవ వివరంలో, అంటే ఎక్కడి నుంచి వచ్చానని చెప్పే చోట, మోసగాడు తన సొంత సైటు పేరు వ్రాయిస్తాడు. ఇన్ని వందల మందిని తన వద్దకు పంపుతున్న ఈ చోటేమిటో చూద్దామని యజమాని కుతూహలంతో దాన్ని తెరుస్తాడు. అతడు తెరవాలన్నదే వాడి కోరిక.

నాల్గవది, సేకరణ. కృత్రిమ మేధను తయారుచేసే సంస్థల కోసం పుటలన్నిటినీ ఊడ్చుకుపోయే బాట్లు ఈ మధ్య కాలంలో విపరీతంగా పెరిగాయి. వీటిలో కొన్ని తమ పేరు నిజాయితీగా చెప్పుకుంటాయి. కొన్ని మనుషుల వేషంలో వస్తాయి.

అయిదవది, ముట్టడి. తట్టుకోలేనన్ని అభ్యర్థనలు ఒకేసారి పంపి సర్వర్‌ను స్తంభింపజేయటం. 2016 అక్టోబరు 21న మిరాయి అనే దుష్ట ప్రోగ్రాము వశపరచుకున్న కెమెరాలు, రూటర్లు మొదలైన గృహోపకరణాలు డిన్ అనే సంస్థపై విరుచుకుపడినప్పుడు, అమెరికాలో ట్విటర్ వంటి పెద్ద సైట్లు సైతం కొన్ని గంటలపాటు అందకుండా పోయాయి.

మెథ్‌బాట్ ఉదంతం

మొదటి రకం మోసం ఎంత దూరం పోగలదో చెప్పటానికి న్యాయస్థానం విచారించిన ఒక ఉదంతం చాలు. 2016 డిసెంబరులో వైట్ ఆప్స్ అనే పరిశోధక సంస్థ మెథ్‌బాట్ అనే మోసాన్ని బయటపెట్టింది. 2018 నవంబరులో న్యూయార్కులోని బ్రూక్లిన్ ఫెడరల్ న్యాయస్థానంలో వెల్లడైన నేరారోపణ పత్రం దాని వివరాలను తెలియజేసింది.

2014 సెప్టెంబరు నుంచి 2016 డిసెంబరు వరకు ఈ మోసగాళ్లు డల్లాస్ నగరంలోనూ, ఇతర చోట్లనూ 1,900కు పైగా సర్వర్లను అద్దెకు తీసుకున్నారు. 5,000కు పైగా సైట్ల పేర్లు వాడుకొని ఉత్తుత్తి పుటలు సృష్టించారు. ఆ పుటలపై ప్రకటనలు చూపించి, చూసేవారి స్థానంలో తమ సర్వర్లనే కూర్చోబెట్టారు. ఆ యంత్రాలు మౌసును కదిలించినట్లు, పుటను కిందికి జరిపినట్లు, వీడియోను మధ్యలో ఆపి మళ్లీ నడిపినట్లు నటించేవి. ఫేస్‌బుక్ ఖాతాలోకి ప్రవేశించి ఉన్నట్లు కూడా చూపేవి. 6,50,000కు పైగా ఐపీ అడ్రసులను అద్దెకు తీసుకొని, అవి మామూలు ఇళ్లలోని కంప్యూటర్లవన్నట్లు అబద్ధపు నమోదులు చేయించారు. ఏ మనిషీ చూడని ఆ ప్రకటనలకు వ్యాపార సంస్థలు 70 లక్షల డాలర్లకు పైగా చెల్లించాయి.

ఈ మోసానికి నాయకత్వం వహించిన రష్యా దేశీయుడు అలెగ్జాండర్ జుకోవ్ 2018లో బల్గేరియాలో అరెస్టయ్యాడు. 2021 మే నెలలో జ్యూరీ అతన్ని దోషిగా నిర్ధారించింది. అదే సంవత్సరం నవంబరులో న్యాయస్థానం అతనికి పదేళ్ల కారాగార శిక్ష విధించింది.

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటున్నది. ఈ మోసగాళ్లు సర్వర్ విన్న మాటలను మాత్రమేగాక, అది స్వయంగా చూసిన ఐపీ అడ్రసును కూడా నమ్మదగినదిగా కనబడేటట్లు అమర్చారు. కనుక ఏ ఒక్క ఆధారాన్నో పట్టుకొని తీర్పు చెప్పటం సరికాదు.

మన ఇంటి ఫోనే నకిలీ సందర్శకుడైతే?

అదే నేరారోపణ పత్రంలో ఈవ్ (3ve) అనే మరో మోసం ప్రస్తావన ఉన్నది. దాన్ని నడిపినవారికి సర్వర్లు అద్దెకు తీసుకునే శ్రమ కూడా లేకపోయింది. దుష్ట ప్రోగ్రాము సోకిన 17 లక్షలకు పైగా సామాన్య ప్రజల కంప్యూటర్లను వారు వాడుకున్నారు. యజమాని తన పని తాను చేసుకుంటుండగా, అతనికి కనబడకుండా తెర వెనుక మరో బ్రౌజరు తెరుచుకొని ప్రకటనలు చూస్తుండేది. ఈ మోసం వల్ల వ్యాపార సంస్థలు 2 కోట్ల 90 లక్షల డాలర్లకు పైగా పోగొట్టుకున్నాయి.

2024 మే నెలలో అమెరికా ప్రభుత్వం ఛేదించిన 911 ఎస్5 అనే జాలంలో దాదాపు 200 దేశాలకు చెందిన 1 కోటీ 90 లక్షలకు పైగా ఐపీ అడ్రసులు చిక్కుకొని ఉన్నట్లు ప్రకటించారు. ఉచితంగా లభించే కొన్ని వీపీఎన్ ప్రోగ్రాములే అది వ్యాపించటానికి దారి అయ్యాయి. ఉచితమని ఆ ప్రోగ్రామును ఎక్కించుకున్నవారి అడ్రసులను ఇతరులకు అద్దెకిచ్చి సొమ్ము చేసుకున్నారన్నది అభియోగం.

దీన్ని బట్టి ప్రతి కుటుంబం గ్రహించవలసినది ఉన్నది. నకిలీ సందర్శకుడంటే ఎక్కడో దూరదేశంలో కూర్చున్న దుర్మార్గుడే కానవసరం లేదు. ఇంట్లో పిల్లవాడు ఆటల కోసం ఎక్కించిన ఊరూపేరూ లేని ఆప్, పాస్‌వర్డు మార్చని కెమెరా, ఏళ్ల తరబడి అప్‌డేట్ చేయని రూటర్ మన పేరు మీద అబద్ధపు సాక్ష్యం పలుకుతూ ఉండవచ్చు. ఇతరుల మోసం నుంచి రక్షణ కోరేవారు ముందుగా తమ ఇంటి పరికరాలను సరిదిద్దుకోవటం న్యాయం.

తన లెక్కను తానే తగ్గించుకున్న సంస్థ

మోసాన్ని పసిగట్టి నిజాయితీగా వ్యవహరించిన సంస్థ ఉదాహరణ కూడా చెప్పుకోవాలి. వికీపీడియాను నడిపే వికీమీడియా ఫౌండేషన్ 2025 ఏప్రిల్‌లో ఒక విషయాన్ని వెల్లడించింది. 2024 జనవరి నుంచి బొమ్మలు, వీడియోల దిగుమతికి ఖర్చయ్యే బ్యాండ్‌విడ్త్ 50 శాతం పెరిగిందని, ఆ పెరుగుదలకు ముఖ్య కారణం బాట్లని ప్రకటించింది. మొత్తం పుటల వీక్షణల్లో బాట్ల వాటా సుమారు 35 శాతమే అయినా, అత్యంత ఖర్చుతో కూడిన రాకపోకల్లో వాటి వాటా 65 శాతం. దీనికి కారణం సుస్పష్టం. మనుషులు ఎక్కువగా ఒకే రకం విషయాలను చదువుతారు. అటువంటి పుటల ప్రతులను పాఠకులకు సమీపంలోని సర్వర్లలో సిద్ధంగా ఉంచుతారు. బాట్లు మాత్రం ఎవరూ తెరవని మూలమూలల పుటలను సైతం కోరుతాయి. వాటిని ప్రతిసారీ దూరాన ఉన్న ప్రధాన భాండాగారం నుంచి తీసి పంపవలసి వస్తుంది.

ఆ తర్వాత మే నెల ప్రాంతంలో వికీపీడియాకు మనుషులవిగా కనబడే సందర్శనలు అసాధారణంగా పెరిగాయి. వాటిలో అధిక భాగం బ్రెజిల్ దేశం నుంచి వచ్చినవి. పాఠకులు పెరిగారని ఉత్సవం చేసుకోవటానికి ఇది మంచి అవకాశమే. కాని ఆ సంస్థ సంతోషించటానికి బదులు అనుమానించింది. బాట్లను గుర్తించే పద్ధతులను సవరించి, మార్చి నుంచి ఆగస్టు వరకు గల లెక్కలన్నిటినీ తిరగవేసింది. మే, జూన్ నెలల పెరుగుదలలో చాలా భాగం, పట్టుబడకుండా తప్పించుకునేటట్లు తయారుచేసిన బాట్లదేనని తేలింది. పెరుగుదల మాట అటుంచి, క్రితం సంవత్సరం అవే నెలలతో పోల్చితే మనుషుల సందర్శనలు సుమారు 8 శాతం తగ్గాయని బయటపడింది. 2025 అక్టోబరులో ఆ సంస్థ ఈ చేదు నిజాన్ని లోకానికి తెలియజేసింది.

నకిలీ లెక్క చేసే అసలు హాని ఇక్కడ బోధపడుతుంది. అది కేవలం సంఖ్యను పెంచటంతో ఆగదు, పాఠకులు దూరమవుతున్న సంగతిని కూడా కప్పిపుచ్చుతుంది. జబ్బును దాచే మందు జబ్బుకంటే ప్రమాదకరం.

రక్షణ మార్గాలు

ఇక చిన్న సంస్థలు సైతం ఆచరించదగిన రక్షణ మార్గాలను పరిశీలిద్దాం.

1. చిట్టాను భద్రపరచాలి, చదవాలి. సర్వర్ చిట్టాను కనీసం కొన్ని నెలలపాటు నిలువ ఉంచాలి. దాన్ని నెలకొకసారి లెక్కల ప్రోగ్రాము చూపే సంఖ్యతో పోల్చాలి. ఉదాహరణకు ఒక గ్రంథాలయానికి నెలకు 10,000 సందర్శనలు వచ్చాయనుకుందాం. వాటిలో 6,000 ఒకే రాత్రి రెండు గంటల వ్యవధిలో, ఒకే డేటా సెంటర్ అడ్రసుల నుంచి వచ్చి, ఒక్కొక్క పుట వద్ద ఒక్క క్షణం మాత్రమే ఆగి ఉంటే, ఆ గ్రంథాలయానికి వచ్చిన పాఠకుల సందర్శనలు 4,000 మించవని అర్థం. తెలుగు వ్యాసాలకు తెలుగువారు లేని దేశం నుంచి వేలకొద్దీ సందర్శనలు వచ్చినా అనుమానించవలసిందే. అయితే గల్ఫ్ దేశాల నుంచి, అమెరికా నుంచి తెలుగువారు చదువుతారన్న సంగతి మరువరాదు.

2. చెప్పుకున్న పేరును విచారించాలి. తాను గూగుల్‌బాట్‌నని చెప్పుకొని వచ్చిన ప్రతిదాన్నీ నమ్మకూడదు. దీనికి గూగుల్ సంస్థే ఒక పరీక్ష సూచించింది. ముందుగా, వచ్చిన ఐపీ అడ్రసు ఏ పేరు మీద నమోదై ఉన్నదో చూడాలి. అది గూగుల్‌కు చెందిన పేరై ఉండాలి. తరువాత ఆ పేరు తిరిగి అదే అడ్రసును చూపుతున్నదో లేదో చూడాలి. రెండవ అడుగు ఎందుకంటే, అడ్రసు ఎదుట పేరు వ్రాసే అధికారం ఆ అడ్రసు సొంతదారునిది. అతడు అక్కడ ఎవరి పేరైనా వ్రాసుకోవచ్చు. కాని పేరు ఎదుట అడ్రసు వ్రాసే అధికారం ఆ పేరు గలవారిది. రెండు వైపుల నుంచి సాక్ష్యం కలిసినప్పుడే పేరు రుజువైనట్లు.

3. వేగానికి హద్దు పెట్టాలి. మనిషి నిమిషానికి కొన్ని పుటలకు మించి చదవలేడు. ఒకే చోటు నుంచి నిమిషానికి వందల అభ్యర్థనలు వస్తుంటే, సర్వర్ వాటిని కొంతసేపు నిలిపివేసేటట్లు అమర్చవచ్చు. తరచుగా చదివే పుటల ప్రతులను సిద్ధంగా ఉంచితే భారం ఇంకా తగ్గుతుంది. క్లౌడ్‌ఫ్లేర్ వంటి సంస్థలు ముందుండి రాకపోకలను వడపోసే సేవను చిన్న సైట్లకు ఉచితంగానే అందిస్తున్నాయి.

4. పేరు దొంగతనాన్ని అరికట్టాలి. 2017లో లండను పత్రిక ఫైనాన్షియల్ టైమ్స్ విచారించగా, తన పేరు పెట్టుకున్న నకిలీ చోట్ల నెలకు సుమారు 10 లక్షల పౌండ్ల ప్రకటనలు అమ్ముడవుతున్నట్లు తేలింది. అదే సంవత్సరం యాడ్స్.టెక్స్ట్ అనే పత్రం అమలులోకి వచ్చింది. తన ప్రకటనల స్థలాన్ని అమ్మటానికి ఎవరెవరికి అధికారమున్నదో యజమాని ఇందులో బహిరంగంగా ప్రకటిస్తాడు. కొనేవాడు దాన్ని చూసి, అధికారం లేనివాని వద్ద కొనటం మానుకోవచ్చు. ప్రకటనలు ప్రచురించే ప్రతి సంస్థా దీన్ని ఉంచుకోవటం అవసరం.

5. దాచకుండా తెలియజేయాలి. ప్రకటనలపై అనుమానాస్పదమైన నొక్కుళ్లు కనిపించిన వెంటనే చిట్టా ఆధారంతో ప్రకటనల సంస్థకు ఫిర్యాదు చేయాలి. ముందుగా చెప్పినవాని మాటకు, పట్టుబడిన తర్వాత చెప్పేవాని మాటకు ఒకే విలువ ఉండదు. చిట్టాలో కనిపించిన తెలియని సైట్లను కుతూహలంతో తెరవకూడదు.

నిజమైన పాఠకుని హక్కు

రక్షణ పేరుతో తలుపులు బిగించేవారు మరో వైపు కూడా చూడాలి. ఐపీ అడ్రసుల పాత విధానంలో ఉండగలిగినవి మొత్తం సుమారు 429 కోట్లు మాత్రమే. ప్రపంచ జనాభా 800 కోట్లు దాటింది. ఈ కొరత వల్ల మొబైల్ కంపెనీలు ఒకే అడ్రసును వందలాది ఖాతాదారుల మధ్య పంచుతాయి. మన దేశంలో ఎక్కువమంది ఇంటర్నెట్ చూసేది మొబైల్ మీదనే. ఒక మోసగానికోసం ఆ అడ్రసును మూసివేస్తే, దాని వెనుక ఉన్న విద్యార్థులు, ఉద్యోగులు, గృహిణులు అందరూ ఆ తలుపు బయటే నిలబడిపోతారు. తమను ఎందుకు వెళ్లగొట్టారో వారికి తెలియను కూడా తెలియదు.

మనిషివేనా అని పరీక్షించే వంకర అక్షరాల చిత్రాల సంగతీ ఇంతే. క్యాప్చా అనే ఈ పరీక్షకు ఆ పేరు పెట్టినవారు అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయానికి చెందిన లూయిస్ వాన్ ఆన్, ఆయన సహచరులు. మనిషి చదవగలడు, యంత్రం చదవలేదు అన్న భావన దీనికి ఆధారం. కాని అత్యంత కఠినమైన వంకర అక్షరాలను సైతం తమ యంత్రం 99.8 శాతం సరిగ్గా చదవగలుగుతున్నదని 2014లో గూగుల్ సంస్థే ప్రకటించింది. ఈలోగా చిత్రాన్ని చూడలేని అంధ పాఠకుడు మాత్రం బయటనే ఉండిపోతున్నాడు. యంత్రాన్ని ఆపలేక మనిషిని ఆపే కాపలాదారు వల్ల ప్రయోజనమేమిటి? ఇటువంటి పరీక్ష పెట్టక తప్పని చోట దాన్ని ప్రవేశద్వారం వద్ద కాక, ఖాతా తెరవటం, ఫారం పంపటం వంటి సందర్భాలకే పరిమితం చేయాలి. చూపులేనివారికి మరో మార్గం తప్పక ఉంచాలి. వ్యాసం చదవటానికి వచ్చినవాణ్ణి పరీక్షకు నిలబెట్టటం మర్యాద కాదు.

ఒక నకిలీ సందర్శన లెక్కలోకి జొరబడితే దాన్ని తరువాత తీసివేయవచ్చు. తలుపు దగ్గర నుంచి వెనుదిరిగిన పాఠకుడు మళ్లీ వస్తాడన్న హామీ లేదు. కాబట్టి అనుమానం బలంగా లేనప్పుడు లోనికి రానిచ్చి లెక్కలో పక్కన పెట్టటమే వివేకం. సర్వర్ భారం తట్టుకోలేనప్పుడు, ఖాతాలపై దాడి జరుగుతున్నప్పుడు మాత్రమే తలుపు మూయాలి.

కొని తెచ్చుకున్న సందర్శకులు

ఇంతవరకు బయటివారు చేసే మోసాన్ని గురించి చెప్పుకున్నాం. కొందరు యజమానులు తామే డబ్బు చెల్లించి సందర్శకులను కొంటున్నారు. ఇన్ని రూపాయలకు ఇన్ని వేల సందర్శనలని బేరం పెట్టేవారు మనుషులను తీసుకురారు. వారు పంపేవి చాలావరకు బాట్లే. దాన్ని ప్రచారం అన్న పేరుతో సమర్థించుకోవటం ఆత్మవంచన.

ఇస్లామీయ వ్యాపార నియమాలు తెలిసిన పాఠకులకు దీని స్వరూపం కొత్తదిగా తోచదు. కొనే ఉద్దేశం ఏమాత్రం లేకపోయినా, ఇతరులను భ్రమింపజేసి ధర పెంచటానికి వేలంలో పాట పెంచటాన్ని నజష్ అంటారు. దైవప్రవక్త (స) దాన్ని నిషేధించినట్లు బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాలలో ఉన్నది. కొనదలచుకోనివాడు పాట పెంచటానికీ, చదవదలచుకోని యంత్రం పాఠకుల సంఖ్యను పెంచటానికీ మధ్య పోలిక దానంతట అదే కనబడుతుంది. రెండు చోట్లా వస్తువుకు లేని గిరాకీని ఉన్నట్లు చూపించి, నమ్మిన మూడవవాని సొమ్ము కాజేయటమే జరుగుతున్నది.

సారాంశం

పై వివరణను బట్టి తేలేదేమిటంటే, నకిలీ సందర్శకుల నుంచి రక్షణ అన్నది ఒక్క గోడ కట్టి ఊరుకునే పని కాదు. పేరు మార్చుకోవచ్చు. అడ్రసు అద్దెకు దొరుకుతుంది. నడవడిని కూడా అనుకరించవచ్చు. కాని పేరు, అడ్రసు, సమయం, వేగం, నడవడి అన్నీ ఒకదానితో ఒకటి పొసిగేటట్లు ఎల్లకాలం అబద్ధమాడటం కష్టం. వాటిని పక్కపక్కన పెట్టి చూసే ఓపిక గలవాడే మోసాన్ని పసిగడతాడు. ఈ పనికి పెద్ద ధనం అవసరం లేదు. నెలకొక పూట కూర్చొని చిట్టా చదివే మనిషి, సంఖ్య తగ్గినా నిజమే చెప్పాలనే సంకల్పం ఉంటే చాలు.

పదివేల యంత్రాలు తెరిచి మూసిన వ్యాసం కంటే, నలభై మంది శ్రద్ధగా చదివి చర్చించుకున్న వ్యాసం విలువైనది. ఆ నలభై మంది ఎవరో, వారికేమి కావాలో తెలుసుకోవాలనుకునే సంస్థ ముందుగా తన లెక్కలోంచి ఆ పదివేలను తీసివేయటానికి సిద్ధపడాలి.